చెట్టు కింద తరగతి: అరుగు కట్టించే ముందు

ప్రశ్న: మా బడి ఆవరణలో పెద్ద చెట్టుంది. మొదలు చుట్టూ మట్టి పోసి, సిమెంటు అరుగు కట్టించి 30 మంది పిల్లలకు ఆరుబయట తరగతి నడపాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ అరుగు ఆలోచన మానుకోండి. చెట్టు నీరు పీల్చుకునే సన్నటి వేళ్లు ఎక్కువగా పైపై అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. పైన సిమెంటు పరిస్తే వాటికి గాలాడదు. మొదలుకు మట్టి ఎగదోస్తే బెరడు చెమ్మకు కుళ్లుతుంది. చెట్టు వెంటనే చావదు. కొన్నేళ్లకు చిటారు కొమ్మలు ఎండటం మొదలవుతుంది, అప్పటికి చేయగలిగింది తక్కువ. ఎండుకొమ్మల కింద పిల్లల్ని కూర్చోబెట్టలేం కదా!

అసలు పని నీడను కొలవడం. 9, 11, 1, 3 గంటలకు నీడ అంచు వెంబడి సున్నంతో గీత గీయండి. మరో రుతువులోనూ ఇలాగే చేయండి. పొద్దున చల్లగా ఉన్న చోటే రెండు గంటలయ్యేసరికి ఎండ నెత్తిన పడుతుంది. అందుకే బల్లలు నేలకు బిగించకండి, ఇద్దరు పెద్దవాళ్లు ఎత్తి జరపగలిగేలా చేయించండి.

ఒక్కో పిల్లకు 45 సెంటీమీటర్ల చోటు చాలు. పదిమందికి నాలుగున్నర మీటర్ల వరుస. అలాంటివి మూడు, నెలవంకలా వంచి, ఒక వరుసకూ మరో వరుసకూ 90 సెంటీమీటర్ల దూరంలో వేయండి. మొదటి వరుస టీచరుకు రెండు మీటర్ల దూరంలో ఉంటే చివరిది నాలుగు మీటర్లలోపే ఉంటుంది. ఆరుబయట మాటను తిప్పికొట్టే గోడలుండవు, అంతకు మించితే టీచరు గొంతు చించుకోవాలి. కూర్చునే బల్ల ఎత్తు చిన్నపిల్లలకు 30, పెద్దపిల్లలకు 40 సెంటీమీటర్లు.

ప్రశ్న: వాన పడితే అక్కడంతా బురదే. నల్లబల్ల మీద రాసిందీ కనబడదు.

జవాబు: కూర్చునే చోట 5 సెంటీమీటర్ల మందాన చెక్క తరుగు పరవండి, చెట్టు మొదలుకు మాత్రం జానెడు ఎడం వదలండి. తరుగు మీద చక్రాల కుర్చీ కదలదు, కాబట్టి ఒక పక్కగా 1.2 మీటర్ల వెడల్పున గట్టి బాట ఉంచాలి. వేళ్లున్న చోట దాని కోసం తవ్వకండి. నేల వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు, చెట్టు నుంచి బయటికి.

నల్లబల్ల కనబడకపోవడానికి కారణం సుద్ద కాదు, మెరుపు. నిగనిగలాడే రంగు తీసేసి మెరవని రంగు వేయండి. నల్లబల్లను నిలబెట్టాక, చివరి వరుసలో పిల్లల ఎత్తుకు వంగి కూర్చుని చూడండి. ఎండ కళ్లలో పడుతుంటే వరుసలనే తిప్పండి.