మైనస్ 40 చూపుతున్న కారు విషయమై మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

అనంతపురం నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. కడపలో నడి వేసవిన నీ కారు మీటరు బయటి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలని చూపుతున్నదనీ, అప్పటి నుంచే ఏసీ చల్లదనం ఇవ్వడం మానిందనీ, మెకానిక్ గ్యాసు నింపాలంటున్నాడనీ వ్రాశావు. గ్యాసుకు ఇప్పుడే డబ్బు ఇవ్వకు నాయనా. ఈ రెండూ ఒకే లోపం వల్ల వచ్చినవి కావచ్చు. బయట గాలి గడ్డకట్టే చలికి దగ్గరగా ఉన్నదని కారులోని కంప్యూటర్ నమ్మినప్పుడు, ఆటోమేటిక్ ఏసీ ఉన్న చాలా కార్లలో అది కంప్రెసర్‌ను, అంటే ఏసీ గ్యాసును నొక్కి తిప్పే పంపును, తిరగనివ్వదు.

బయటి ఉష్ణోగ్రతను కొలిచి కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ లోపల ఉండేది థర్మిస్టర్ అనే చిన్న పూస. వేడి పెరిగితే దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, చలి పెరిగితే నిరోధం పెరుగుతుంది. వైరు ఎక్కడైనా తెగితే నిరోధం అంతులేనిదవుతుంది కనుక, కంప్యూటర్ దానిని చలిగానే లెక్కగట్టి తనకు తెలిసిన అట్టడుగు అంకె దగ్గర ఆగిపోతుంది. చాలా కార్లలో ఆ అంకె మైనస్ 40, కొన్నింటిలో ఉత్త గీతలు. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే ఇందుకు విరుద్ధంగా నమ్మశక్యం కాని వేడి చూపుతుంది. అందువల్ల నీ కారులో వెతకవలసినది తెగిన చోటు. అది సెన్సర్ లోపలే తెగి ఉండాలనేమీ లేదు, నన్నడిగితే ముందుగా అనుమానించవలసినవి వైరూ, దానిని సెన్సర్‌కు తగిలించే ప్లగ్గయిన కప్లరూ.

ఈ మధ్య బంపర్ విప్పించావా? సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ వెనుక, ఏసీ కండెన్సర్‌కు ముందు ఉంటుంది. డెంటింగ్, పెయింటింగ్ చేసేవారు బంపర్‌ను తిరిగి బిగించేటప్పుడు దాని కప్లర్‌ను తగిలించడం మరచిపోవడం మన వైపు సర్వసాధారణం. ఎలుకలు వైరు కొరకడం రెండో కారణం. కొన్ని మోడళ్లలో సెన్సర్ పక్క అద్దం అడుగున ఉంటుంది, అలాంటప్పుడు తలుపు మడత దగ్గర వైరు నలిగిందేమో చూడాలి.

కంటికి ఏమీ కనిపించకపోతే నిరోధం, వోల్టేజి కొలిచే మల్టీమీటర్ తీసుకో. కీ తీసేసి, ఇంజన్ చల్లారాకే చెయ్యి పెట్టు. కీ తీసినా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరిగే కార్లు ఉన్నాయి. కప్లర్ విడదీసి, సెన్సర్ రెండు పిన్నుల మధ్య నిరోధం కొలువు. 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్స్ ఉండే రకమైతే మన 40 డిగ్రీల వేడిలో సుమారు 5, మంచునీటిలో 30కి అటూఇటూ చూపుతుంది. అన్ని కార్లకూ ఇదే లెక్క కాదు, 2 కిలో ఓమ్స్ దగ్గరుండే రకాలూ ఉన్నాయి కనుక నీ కారు సర్వీస్ మాన్యువల్ చూడటం మంచిది. సెన్సర్‌ను పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టి మంచునీటిలో ముంచినప్పుడు అంకె గెంతులు వేయకుండా నిదానంగా పెరిగితే ఆ సెన్సర్ బాగున్నట్టే. మీటరు ఏ అంకే చూపకపోతే అది పోయినట్టు.

తర్వాత కీ ఆన్ చేసి, వైరింగ్ వైపు కప్లర్ పిన్నుల మధ్య వోల్టేజి చూడు. అక్కడ సుమారు 5 వోల్టులు ఉంటే వైర్లూ కంప్యూటరూ క్షేమం. లేకపోతే వైరు వెంబడి వెతకాలి. ఇంకొక రుజువు కావాలంటే ఆ రెండు పిన్నులనూ సన్నని వైరుతో కలిపి ఉంచి, కీ తీసి మళ్లీ ఆన్ చేస్తే డిస్‌ప్లే అంకె పైకి ఎగబాకాలి. అయితే అది హారన్‌దో ఫ్యాన్‌దో కాక ఆ సెన్సర్ కప్లరే అని రూఢి చేసుకున్న తర్వాతే కలుపు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ దొరికితే పీ0073 అనే కోడ్ తెగిన వైరునూ, పీ0072 కలిసిన వైర్లనూ సూచిస్తాయి.

నీ స్నేహితుడి కారు మధ్యాహ్నం 50 చూపుతున్నదని కూడా వ్రాశావు. అది మరొక సంగతి, చాలామటుకు లోపమే కాదు. ఎండలో ఆగి ఉన్న కారులో ఇంజన్ వేడి, తారురోడ్డు సెగ సెన్సర్‌ను తాకుతాయి. వాతావరణ శాఖవారు కొలిచేది నీడలో, గాలి ఆడే పెట్టెలో. తెల్లవారుజామున, ఇంజన్ వేయకముందు, ఇంటి థర్మామీటర్‌ను కారు పక్కన పెట్టి రెండు అంకెలూ పోల్చమను. అప్పుడు దగ్గరగా ఉంటే సెన్సర్ మార్చనక్కరలేదు. అప్పుడు కూడా పది డిగ్రీల తేడా ఉంటే కప్లర్‌లో పచ్చని తుప్పు పట్టిందేమో చూడాలి.

బాగుచేసిన వెంటనే అంకె మారకపోతే కంగారు పడకు. నిలిచిన కారులో తప్పుడు వేడి చూపకుండా కొన్ని కంపెనీలు అంకెను నెమ్మదిగా మారేటట్టు చేశాయి. రాజంపేట దారిలో కొంతసేపు వేగంగా నడిపితే సరిపోతుంది. అంకె సరయ్యాక కూడా ఏసీ చల్లబరచకపోతే అప్పుడు గ్యాసు మాట ఎత్తవచ్చు, అప్పుడైనా ముందు గేజి తగిలించి ఒత్తిడి ఎంత ఉందో నీ కళ్లకు చూపించమని అడుగు.

ఇట్లు,
మీ మామయ్య