ఎన్నో తారీఖు వెళ్లిపోతారు?

ప్రశ్న: మేడమ్, మాది సైనిక్‌పురి. నేను ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి లెక్కలు చెప్తాను. మావారు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. పెళ్లయి పదకొండేళ్లు. పిల్లలు లేరు. దత్తతల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’లో పేరు నమోదు చేసుకుని మూడేళ్లు దాటింది, ఇంకా పిలుపు రాలేదు. ఈ దసరా సెలవుల్లో మా చర్చి నుంచి పద్నాలుగు మందిమి కంబోడియాలోని ఒక అనాథాశ్రమానికి పది రోజుల మిషన్ ట్రిప్ వెళ్లాలనుకుంటున్నాం. పిల్లలతో ఆటలు, పాటలు, బైబిల్ కథలు, కొంచెం ఇంగ్లిష్ నేర్పడం, గోడలకు రంగులు వేయడం మా పని. మనిషికి లక్షా అరవై వేలు అవుతుంది. మా అత్తయ్యగారు "ఇక్కడ లేరా పిల్లలు, అంత దూరం ఎందుకమ్మా" అంటున్నారు. మావారు మాత్రం చాలా ఆశగా ఉన్నారు. వెళ్లే ముందు ఏమేం తెలుసుకోవాలి? ఆ పిల్లలకు ఏం తీసుకెళ్తే బాగుంటుంది?
– ఒక సోదరి, సైనిక్‌పురి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం తీసుకెళ్లాలని అడిగారు. దానికంటే ముందు నేను చూసిన సంగతి ఒకటి చెప్పాలి.

ఈ నగరంలోనే ఒక పిల్లల హోమ్‌లో పందొమ్మిదేళ్లు పనిచేశాను. ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో విదేశాల నుంచి వాలంటీర్లు వచ్చేవారు. మంచివాళ్లు. ఎండలో కూర్చుని పిల్లల తలల్లో పేలు తీసినవాళ్లు కూడా ఉన్నారు. మా దగ్గర ఏడేళ్ల పాప ఒకతి ఉండేది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని, పేరు కూడా అడక్కుండా, ముందు ఒకటే అడిగేది: "ఎన్నో తారీఖు వెళ్లిపోతారు?" అది అడగడానికి సరిపడా ఇంగ్లిష్ నేర్చుకుంది. వచ్చినవాళ్లు ఎంత నేర్పినా మిగతా ఇంగ్లిష్ ఆ పాపకు అబ్బలేదు. తారీఖు తెలిశాక, ఎంత దగ్గరవ్వాలో చూసుకునేది. మూడు రోజుల్లో వెళ్లేవాళ్లయితే ఒళ్లో కూర్చునేది కాదు. "ఎంత తెలివో" అని మేము మురిసిపోయేవాళ్లం.

ఆ పాపకు తల్లి ఉంది. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ అడ్డా మీద కూలికి నిలబడేది. నెలకోసారి, ఆదివారం నాడు, కొంగులో పల్లీలు కట్టుకుని బిడ్డను చూడటానికి వచ్చేది. ఒక ఆదివారం విదేశీ అతిథుల కార్యక్రమం ఉంది. అనాథాశ్రమం అని చెప్పిన చోట తల్లి కనిపిస్తే దాతలు ఏమనుకుంటారో అని పైవాళ్ల భయం. ఆమెను రెండు గంటలు గేటు బయట కూర్చోబెట్టాం. కూర్చోమని చెప్పింది నేనే. లోపల నుంచి పిల్లల పాటలు వినిపిస్తుంటే ఆమె తల వంచుకుని ఆ పల్లీలు ఒలుస్తూ ఉంది. నా వల్ల జరిగిన తప్పుల్లో దీన్ని నేను క్షమించుకోలేను.

మీరు వెళ్లబోయే కంబోడియాలో ఇదే చాలా పెద్ద ఎత్తున జరిగింది. 2005లో అక్కడ ఇలాంటి ఆశ్రమాలు 154 ఉంటే 2010 నాటికి 269 అయ్యాయి. అక్కడి ఖ్మేర్ రూజ్ పాలకుల మారణకాండ 1979లోనే ముగిసింది. ఆ తర్వాత దేశం మెల్లగా కుదుటపడింది. అనాథలు తగ్గాల్సిన కాలంలో ఆశ్రమాలు పెరిగాయంటే కారణం పిల్లల్లో లేదు. అంగ్‌కోర్ వాట్ చూడటానికి వచ్చే పర్యాటకులు పెరిగారు, వాళ్ల వెంట విరాళాలు పెరిగాయి. ఆ ఆశ్రమాల పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో, లేదంటే ఇద్దరూ బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. ఊళ్లో చదివించలేని అమ్మానాన్నలకు మంచి తిండి, ఇంగ్లిష్ చదువు అని ఆశపెట్టి పిల్లల్ని తీసుకొచ్చారు. నేపాల్‌లో కూడా ఆశ్రమాలు చాలావరకు ఖాట్మండు, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటక ప్రాంతాల్లోనే ఉన్నాయి. మన దగ్గర జరిగింది గుర్తుందా? 1999లో, మళ్లీ 2001లో, లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొని విదేశీ దత్తతలకు పంపిన వ్యవహారం బయటపడింది. బయటి నుంచి డబ్బు వస్తుందంటే పేద ఇంటి బిడ్డ ఎంత తేలిగ్గా ‘అనాథ’ అయిపోతుందో తెలుగువాళ్లం కళ్లారా చూశాం.

అన్ని ఆశ్రమాలూ అలాంటివి కావు. కానీ మంచి చోటైనా పది రోజుల ప్రేమ పిల్లలకు మేలు చేయదమ్మా. 2000లో రొమేనియాలోని బుకారెస్ట్‌లో, ఆశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసివాళ్ల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. కొందరిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవాళ్లు బాగా తేరుకున్నారు. ఆశ్రమంలో ఉండిపోయిన పిల్లల్లో ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి కూడా చేతులు చాచి వెళ్లిపోయే తీరు ఎక్కువగా కనిపించింది. మనింట్లో మూడేళ్ల పిల్ల కొత్తవాళ్లొస్తే అమ్మ వెనక్కి వెళ్లి దాక్కుంటుంది. దాక్కోవడానికి అమ్మ ఉంది కాబట్టి. రేపు మీరు వ్యాన్ దిగగానే ఇరవై మంది పిల్లలు వచ్చి మీ మెడకు చుట్టుకుంటే మీకు కళ్లనీళ్లు వస్తాయి, నాకూ వచ్చేవి. ఆ పిల్లల్ని అలా చేసింది నాలాంటి వాళ్లం, వచ్చిపోయే మీలాంటి వాళ్లు.

అందుకే ఆశ్రమానికి వెళ్లొద్దని చెప్తున్నాను. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా ఆశ్రమాల కోసం జరిగే పిల్లల అక్రమ రవాణాను ఖండించి, ఇలాంటి వాలంటీర్ కార్యక్రమాల వల్ల జరిగే హాని గురించి హెచ్చరించింది.

ఈ మాట మీ పాస్టర్‌గారితో ఎలా అనాలా అని టెన్షన్ పడకండి. ప్రశ్నలుగా అడగండి. ఆ పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులున్నారు? చివరిసారి ఇంటికి ఎప్పుడు వెళ్లారు? ఈ ఏడాది ఎంతమందిని తిరిగి ఇంటికి చేర్చారు? మా పద్నాలుగు మందిలో ఎవరి గురించైనా పోలీసు వెరిఫికేషన్ అడిగారా? మీ స్కూల్లో ముక్కూమొహం తెలియని పద్నాలుగు మందిని పది రోజులు పిల్లల దగ్గర వదులుతారా, ఆలోచించండి. అక్కడి భాష ఖ్మేర్, మీరు మాట్లాడలేరు. పది రోజుల్లో ఏ పిల్లాడికీ ఇంగ్లిష్ రాదు. గోడలకు రంగు వేయడానికి అక్కడ పనివాళ్లున్నారు, వాళ్లకూ పిల్లలున్నారు. మీ బృందానికి వెళ్లాలనే గట్టిగా ఉంటే అక్కడి సంఘంతో ఆరాధనలో కూర్చుని, తల్లులు పనికి వెళ్లినప్పుడు పిల్లల్ని చూసుకునే చోట్లు, పిల్లల్ని ఇళ్లకు చేర్చే పనిచేసే స్థానికులు ఎవరున్నారో తెలుసుకుని రండి. పిల్లలుండే చోటికి మాత్రం వెళ్లకండి.

డబ్బు సంగతి. మీ ఇద్దరి ఖర్చు 3,20,000. తల్లి ఒంటరిగా పెంచుతున్న పేద పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి మన ప్రభుత్వం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్ నెలకు 4,000. ఆ లెక్కన మీ డబ్బు ఒక బిడ్డను ఆరేళ్ల ఎనిమిది నెలలు తల్లి దగ్గరే ఉంచుతుంది. మా పాప తల్లికి అప్పట్లో ఆ మాత్రం ఆసరా దొరికి ఉంటే బిడ్డను మా దగ్గర వదిలేది కాదు.

ఇక మీవారి ఆశ గురించి. చెప్పొచ్చో లేదో అని చాలాసేపు ఆగాను. మూడేళ్లుగా ఫోన్ మోగుతుందేమో అని చూస్తున్న ఇద్దరు పది రోజులు పిల్లల మధ్య గడిపి, పదకొండో రోజు విమానం ఎక్కితే మీ మనసులు ఏమవుతాయి? ఆ దెబ్బ పిల్లలకే కాదు, మీకూ తగులుతుంది. దత్తత కోసం ఎదురుచూస్తూనే ఫోస్టర్ కేర్ గురించి, అంటే దత్తత కాకుండానే బిడ్డను ఇంట్లో పెంచుకోవడం గురించి తెలుసుకోండి. ఆరేళ్లు దాటిన, దత్తతకు ఎవరూ అడగని పిల్లలు చాలామంది ఉన్నారు. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో అలాంటి బిడ్డ మీ ఇంట్లో పెరగవచ్చు. 2024 మార్గదర్శకాల ప్రకారం, చట్టపరంగా దత్తతకు అర్హత ఉన్న బిడ్డయితే రెండేళ్ల తర్వాత ఆ కుటుంబమే దత్తత కోరవచ్చు. మీది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. అక్కడి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇద్దరూ కలిసి వెళ్లండి, వీలైతే అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లండి. ఏడేళ్ల పిల్ల మీ ఇంటికొచ్చి, మొదటి రోజే మీరు ఎన్నాళ్లుంటారని అడిగితే, ఆ బిడ్డకు తారీఖు చెప్పాల్సిన అవసరం మీకు ఉండకపోవచ్చు.

ప్రశ్న: నా పుట్టినరోజు ప్రతి ఏడూ మా ఇంటి దగ్గరి ఆశ్రమంలో కేక్ కోసి చేసుకుంటాను. పిల్లలతో ఫొటోలు దిగి స్టేటస్ పెడితే చూసి ఇంకొందరు ముందుకొస్తున్నారు. ఇది మంచిదే కదా?
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నీ మనసు మంచిది నాన్నా, ఫొటోలు మాత్రం ఇవాళే తీసెయ్యి. సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా చూపడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచు. వాళ్లు రేపు కాలేజీకి వెళ్తారు, ఆ స్టేటస్ ఎవరి ఫోన్‌లోనో మిగిలే ఉంటుంది. నెలలో నాలుగైదు సార్లు ఎవరో ఒకరి పుట్టినరోజుకు చప్పట్లు కొట్టే ఆ పిల్లల్లో చాలామందికి తమ పుట్టినరోజు ఎవరూ చేయరు. వార్డెన్‌ను అడిగి, వచ్చే నెలలో ఎవరిదుందో తెలుసుకుని, ఆ కేక్ ఆ పిల్లల పేరు మీద పంపు. నువ్వు వెళ్లకు.