ఒళ్లు కాలుతోంది, థర్మామీటర్‌లో మాత్రం 96.8!

ప్రశ్న: నా వయసు 46. మూడు వారాలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడి, కళ్లు మండుతున్నాయి. ఒకటే నీరసం. చంకలో థర్మామీటర్ పెట్టుకుంటే 96.8 దాటడం లేదు. మా అత్తయ్య నుదురు పట్టుకుని చూసి లోజ్వరం అంటున్నారు. రోజూ ఒక పారాసిటమాల్ వేసుకుంటున్నాను. ఇది జ్వరమేనా?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: లోజ్వరం అనే మాట మా ఓపీలో రోజూ వినబడేదే. వైద్యంలో ఆ పేరుతో జబ్బేమీ లేదు. అలాగని మీ బాధ ఉత్తిదని కాదు. అంట్లు తోమి వచ్చిన చల్లటి చేత్తో ముట్టుకుంటే ఎవరి నుదురైనా కాలుతున్నట్టే ఉంటుంది, అంతే.

చంకలో చూస్తే నోట్లో కన్నా సుమారు ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. చెమట తడి ఉన్నా, చెయ్యి వదులుగా పెట్టినా ఇంకా తగ్గుతుంది. నా అనుమానమంతా ఆ పారాసిటమాల్ మీదే. వేసుకున్నాక నాలుగైదు గంటల దాకా నిజమైన జ్వరం కూడా బయటపడదు. కాబట్టి ఓ వారం మాత్ర ఆపండి. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం 5, 6 గంటల మధ్య ఒకసారి నాలుక కింద పెట్టి, బీప్ వచ్చేదాకా పెదాలు మూసి ఉంచండి. కాఫీ గానీ చల్లటి నీళ్లు గానీ తాగితే అరగంట ఆగి చూడండి. అంకెలు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. పొద్దుటి కన్నా సాయంత్రం డిగ్రీ దాకా పెరగడం మామూలే. రోజూ 100 దాటుతున్నా, దగ్గు, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం ఉన్నా వారం పూర్తయ్యేదాకా ఆగొద్దు. కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. టీబీ ఒక్కోసారి ఇలాగే మొదలవుతుంది.

జ్వరం లేదని తేలితే సీబీపీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ చూపించండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా నీరసం, ఒళ్లునొప్పులు ఉంటాయి. నెలసరి సరిగా వస్తోందో లేదో మీరు రాయలేదు. తప్పుతుంటే ఇవి నెలసరి ఆగిపోయే దశలో వచ్చే వేడి ఆవిర్లు కావచ్చు. ఆ సంగతి గైనకాలజిస్టుకు చెప్పండి.

మీ అత్తయ్యగారి వయసువాళ్ల లెక్క వేరు. పెద్దవాళ్లకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు కాలకపోవచ్చు. 95 కన్నా తగ్గినా, మగత, ఆయాసం, మాట తడబడటం కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.