చేతులకి ఎగ్జిమా ఎందుకు వస్తుంది?

పలాసలో జీడిపిక్కలు ఒలిచే మీ వదినగారికి చేతులు పగిలి దురద పెడుతున్నాయి, అంటుకుంటుందా అని అడిగారు. ఇలా చర్మం వాచి, పగిలి, దురద పెట్టడాన్నే ఎగ్జిమా అంటారు. ఎగ్జిమా అంటుకోదు, ఆవిడని దూరం పెట్టకండి.

పిక్క పెంకులోని జీడినూనెలో ఉండే కార్డాల్, అనకార్డిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తాయి. కొందరికి ఎలర్జీ మొదలవుతుంది. ఆ తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది.

అయితే తప్పంతా జీడిదే అనుకోవద్దు. ఇంటికొచ్చాక అంట్లు, బట్టలు, సబ్బునీళ్లు. చేతులు మాటిమాటికీ తడిసి ఆరుతుంటే చర్మాన్ని కాపాడే నూనెపొర పోతుంది. చాలామందిలో మూలం ఇదే, పాపం ఎవరూ పట్టించుకోరు. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవాళ్లకి ముప్పు మరీ ఎక్కువ.

సిమెంటు, నికెల్, జుట్టురంగు కూడా కొందరికి పడవు. ఏది పడట్లేదో ప్యాచ్ టెస్టులో, అంటే అనుమానమున్న పదార్థాలని చిన్న పట్టీలతో చర్మానికి అంటించి చూసే పరీక్షలో, తెలుస్తుంది. చర్మం డాక్టరుకి ఆవిడ చేసే పనేంటో తప్పకుండా చెప్పండి.