ఏసీ కింద గోడకు బూజు: రంగు వేయించినా మళ్లీ ఎందుకొస్తోంది?

శ్రీకాకుళంలో మీ పడకగది ఏసీ కింద గోడ నల్లగా బూజు పట్టిందని, రెండుసార్లు రంగు వేయించినా నెల తిరక్కుండా మళ్లీ తేలిందని రాశారు. రంగుదేం తప్పు లేదు. గోడ లోపల తడి ఉండగానే పైన లప్పం పెట్టేశారు. ముందు ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోండి.

ఏసీకి కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్చి కట్టేసి, ఏసీ ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తీయండి. వైర్లున్న వైపు తడవకుండా, సీసాతో అర లీటరు నీళ్లు ఫిల్టర్ల వెనకున్న సన్నటి రేకుల కాయిల్ మీద సన్నటి ధారగా పోయండి. కాసేపట్లోనే బయట డ్రెయిన్ పైపు కొసన నీళ్లు రావాలి. రాకుండా లోపలే పొంగితే పైపు పూడుకుపోయినట్టే. అందులో పేరుకునేది దుమ్ము, తేమ కలిసిన పాకుడు. వేళ్లతో పట్టుకుంటే సగ్గుబియ్యం జావలా జారిపోతుంది. తడిని కూడా లాగే వ్యాక్యూమ్ క్లీనర్‌ను బయటి కొసకు పెట్టి, చుట్టూ గుడ్డ బిగించి రెండు నిమిషాలు లాగించండి. గట్టిగా గాలి మాత్రం కొట్టించకండి, గోడలోని జాయింటు ఊడితే అసలు బెడద అప్పుడు మొదలవుతుంది.

మన వైపు ఇళ్లలో తరచూ కనిపించేది ఇంకొకటుంది. మొక్కలకు పోయొచ్చని పైపు కొసను బకెట్లో వదిలేస్తారు. నీళ్లు పట్టుకోవడం మంచిదే. కానీ బకెట్ నిండి కొస మునిగితే పైపులో గాలి ఇరుక్కుని ధార ఆగుతుంది, కాయిల్ కింద నీళ్లు పట్టే ట్రే పొంగి గోడ మీదికి దిగుతుంది. కొస ఎప్పుడూ నీళ్లకు పైనే వేలాడాలి. పైపుకు మీటరుకు కనీసం 1 సెంటీమీటరు వాలుండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు.

పైపు బాగానే ఉండి గంట నడిచాక కాయిల్ మీద మంచు కడితే ఫిల్టరు మురికైనా అయుండాలి, గ్యాస్ తగ్గైనా ఉండాలి. ఫిల్టరు వేసవిలో పదిహేను రోజులకోసారి కడగండి. గ్యాస్ అయితే లీకు పట్టుకోకుండా నింపించుకోవద్దు, డబ్బు దండగ.

ఏసీ నుంచి చుక్క కూడా పడకుండా గోడ ఒక్కటే చెమ్మగిల్లుతోందా? గోడలోంచి పోయే రాగి పైపుల మీది, డ్రెయిన్ పైపు మీది రబ్బరు తొడుగు చిరిగి చల్లటి పైపుకు చెమట పడుతోంది. తొడుగు మార్పించండి. అలా కాక, ఏసీ వాడని అక్టోబరు, నవంబరు వాయుగుండాల వానల్లోనే మచ్చ పెరిగితే బయటి గోడ పగుళ్లు చూడాలి.

లీకు ఆగాకే బూజు జోలికి వెళ్లండి. ఎన్‌95 మాస్కు, గ్లౌజులు వేసుకుని కిటికీలు తెరవండి. పొడిగా గీకితే బూజు పొడి గదంతా లేస్తుంది కాబట్టి ముందు సబ్బునీళ్లు చల్లి, ఉబ్బిన లప్పం తడిమీదే గీకేయండి. తర్వాత లీటరు నీళ్లలో 60 మిల్లీలీటర్ల లిక్విడ్ బ్లీచ్ కలిపి పూసి, పది నిమిషాలాగి తుడవండి. అందులో బాత్రూము యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. ఆస్తమా ఉన్నవాళ్లను, చంటిపిల్లలను ఆ రోజు ఆ గదిలోకి రానివ్వకండి.

ఇక గోడ ఆరాలి. ఫ్యాను వేసి వదిలేసినా వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. అది పొడిగా వచ్చిన రోజే ప్రైమర్ డబ్బా తెరిపించండి. ఆ గోడ దగ్గర బీరువా ఉంటే మాత్రం దాన్ని మళ్లీ గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు ఇవతలికి జరపండి.