అల్లుడూ, ఈకల కోటు కుట్టే ముందు

ఒరేయ్ అల్లుడూ,

కోళ్ల ఈకలు నింపి చలికోట్లు కుట్టిస్తావట కదా, మీ అమ్మ ఫోన్ చేసి ఏడవాలో నవ్వాలో తెలీనట్టు చెప్పింది. నాకైతే గర్వంగానే ఉంది, కానీ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఈకలు దూదిలా తేలిగ్గా ఉంటాయని నువ్వు అనుకుంటూ ఉంటావు. ఆ పనిలోనే చేతులు అరగదీసుకున్నదాన్ని, కాస్త విను.

తేలిక సంగతులు ముందు. ఈకలు కోళ్లు కోసిన రోజే తెచ్చుకో, తడిగా నిలవుంటే కుళ్లిపోతాయి. రక్తం, కొవ్వు పోయేదాకా కడుగు, తర్వాత ఆవిరి పెట్టు, మూటగా కాదు, ఆవిరి మధ్యదాకా చేరేలా పలచగా పరిచి. బర్డ్ ఫ్లూ ఉన్న చోటు నుంచి ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

బాతు నూగుతో పోటీ అని మాత్రం ఎవరికీ చెప్పకు. దానికి గట్టి కాడ ఉండదు, అన్ని వైపులా విచ్చుకుని గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది, వెచ్చదనం ఆ గాలిదే. కోడి ఈక చదునుగా ఉంటుంది, కాడ గుచ్చుకుంటుంది. వదులుగా నింపితే కొన్నాళ్లకి అంతా కిందికి జారిపోయి భుజాల మీద ఉత్త గుడ్డ మిగులుతుంది. కాబట్టి కాడ తీసేసి పీచు మాత్రం తీసుకో. 110 డిగ్రీల దగ్గర మెత్తబడే పాలిస్టర్ పీచు ఉంటుంది, దాన్ని కలిపి వేడిమీద పొరలా అతికించు.

ఈ కాడ తీయడం దగ్గరే మా పాత యజమాని కొంప ముంచుకున్నాడు. ఆర్డరు తొందరలో ఉంది, కాడ వేరు చేస్తే టైమూ పోతుంది, సరుకూ తగ్గుతుంది, అందుకని ఈక ఈకంతా ముక్కలు కొట్టి నింపించాడు. పైకి బాగానే ఆరాయి, గుప్పిట్లో పట్టుకుంటే గలగలమన్నాయి. కోట్లు అమ్మాక, తొడిగినవాళ్లకి చెమట పట్టడం మొదలయ్యాక, వాసన! తిరిగొచ్చిన కోట్ల గుట్ట పక్కన నిలబడలేకపోయాం. సబ్బు మంచిది కాదన్నాడు, నీళ్లు మంచివి కావన్నాడు, చివరికి సెంటు కూడా చల్లించాడు మహానుభావుడు. నేను ఒక కాడ తీసి గోటితో చీల్చి చూశాను, లోపల గోధుమరంగు ముద్ద, ఇంకా చెమ్మగా. బ్రాయిలర్‌ని దాదాపు ఆరు వారాలకే కోసేస్తారు, అప్పటికి చాలా ఈకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి, వాటి కాడలో రక్తం, గుజ్జు ఉంటాయి. బయట ఎంత కడిగినా లోపలికి చేరదు. చూపిస్తే "నీకు అన్నీ తెలుసు" అని వెటకారం చేశాడు. ఆ తర్వాత ఆ షెడ్డుకి తాళం పడింది. నువ్వు మాత్రం ప్రతి మూటలోంచీ నాలుగు కాడలు చీల్చి చూడకుండా ఈకలు కోసే మిషన్ ఆన్ చేశావంటే నా చేత తిట్లు తింటావు.

ఇక నాకు అసలు భయం ఆ మిషనే. ఈకలు కోసేటప్పుడు లేచే దుమ్ము కంటికి సరిగా కనపడదు. మాతో పనిచేసిన ఒకామెకి దగ్గు పట్టుకుంది, జలుబనుకుంది. చివరికి ఈకల దుమ్ముకి ఊపిరితిత్తులు వాచాయని, ఆ దుమ్ముకి దూరంగా ఉండటమే అసలు మందని డాక్టరు చెప్పాడు. నీకు చిన్నప్పుడు ఆయాసం వస్తే నా ఒళ్లో కూర్చుని తెల్లవార్లూ ఊపిరి లెక్కపెట్టేవాడివి, మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు నాన్నా. దుమ్ము లాగే ఫ్యాను పెట్టించాకే మిషన్ కొను. ముక్కుకి రుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్-95 మాస్కు పెట్టుకో, జీతానికి పెట్టుకున్నవాళ్లకీ నువ్వే కొనివ్వు. డబ్బు చాలకపోతే అమ్మని కాదు, నన్ను అడుగు.

అన్నట్టు, ఉన్ని కొరికే పురుగులే ఈకనీ తింటాయి, నిలవ పెట్టే డబ్బాకి మూత గట్టిగా ఉండాలి.

మొదటి కోటు నాకు పంపు. కొత్తది కాదు, నాలుగుసార్లు ఉతికి, చెమట పట్టేదాకా తొడుక్కుని తిరిగింది.

మీ అత్త