మానసిక వ్యాధి మాత్రల వల్ల కార్నియాలో మచ్చలు: ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న: మా అన్నయ్యకు 52 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకు 20 ఏళ్లకు పైగా క్లోర్‌ప్రోమజీన్ మాత్రలు వాడుతున్నాడు. ఈమధ్య కళ్లజోడు మార్పించడానికి తీసుకెళ్తే, కార్నియాలో (కంటి ముందున్న పారదర్శక పొరలో) గోధుమరంగు పొడిలాంటిది చేరిందనీ, కటకం (కంటి లోపలి లెన్స్) మీద నక్షత్రం ఆకారంలో మచ్చ ఉందనీ, అదంతా మాత్రల ప్రభావమేననీ డాక్టరుగారు చెప్పారు. చూపు మసకగా ఉందని అన్నయ్య అంటున్నాడు. ఆపరేషన్ చేసి ఆ మచ్చలు తీసేస్తారా? మాత్రలు మాన్పించమంటారా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి. కంట్లో మచ్చలు ఏళ్ల తరబడి మెల్లగా చేరతాయి కానీ, మాత్రలు మానేస్తే మానసిక వ్యాధి కొద్ది వారాల్లోనే తిరగబెట్టవచ్చు. మోతాదు తగ్గించడమా, వేరే మందుకు మార్చడమా అన్నది ఆయనను చూస్తున్న మానసిక వైద్యులు నిర్ణయించాలి. మందు మార్చినా అప్పటికే చేరిన మచ్చలు చాలావరకు అలాగే ఉండిపోతాయి. కొత్తవి పెరగకుండా ఉండటమే ప్రయోజనం.

1952 నుంచి మానసిక వైద్యంలో వాడుకలో ఉన్న ఈ మందును పెద్ద మోతాదులో చాలాకాలం వాడినవారిలో ముందుగా కటకం మీద, తర్వాత కార్నియా లోపలి పొరల్లో ఇలాంటి మచ్చలు కనిపిస్తాయి. రెప్పలు కప్పని, వెలుతురు తగిలే భాగంలోనే అవి ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఎండలోకి వెళ్లేటప్పుడు అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే కళ్లద్దాలు, అంచున్న టోపీ వాడించండి.

ఇక ఆపరేషన్ సంగతి. చాలామందిలో ఈ మచ్చలు చూపును పెద్దగా దెబ్బతీయవు, అందుకే ఎవరూ వాటి జోలికి వెళ్లరు. కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. లేజరుతో పైనుంచి చెక్కే చికిత్స పైపొరల మచ్చలకే పనికొస్తుంది తప్ప, అడుగున ఉన్న వీటిని అందుకోలేదు. మసకకు కారణం కటకమే అయితే మామూలు శుక్లాల ఆపరేషన్ సరిపోతుంది.

అరుదుగా కొందరిలో కార్నియా లోపలివైపు కణాలు దెబ్బతిని, అది నీరుపట్టి ఉబ్బుతుంది. పొద్దున లేవగానే మసక ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి కాస్త తేటపడుతోందేమో అన్నయ్యను అడిగి చూడండి. ఉబ్బుకు అదొక గుర్తు. అప్పుడు దాత కంటి నుంచి తీసిన పలుచని లోపలి పొరను మాత్రమే మార్చే ఆపరేషన్ అవసరం కావచ్చు. ఆ పొర అతుక్కోవడానికి కంట్లో గాలిబుడగ పెడతారు. రోగి కొన్ని గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోవాలి, కన్ను నలపకూడదు, నెలల తరబడి చుక్కల మందు వేయించుకోవాలి. మనసు కుదురుగా లేని మనిషికి ఇది సాధ్యం కాదు కనుక, మానసిక వ్యాధి అదుపులో ఉండటం కంటికీ అంతే అవసరమని నేను గట్టిగా చెబుతాను.

కార్నియా నిపుణుల దగ్గరకు వెళ్లినప్పుడు లోపలి కణాల లెక్కతోపాటు రెటీనా (కంటి వెనుక తెర) పరీక్ష కూడా చేయించండి; క్లోర్‌ప్రోమజీన్ కుటుంబానికి చెందిన కొన్ని మందులు దాన్నీ దెబ్బతీస్తాయి. ఇన్నేళ్లుగా వాడిన మాత్రల చీటీలు, మోతాదులు చూపించండి. కంటి డాక్టరు రాసిచ్చిన రిపోర్టును మానసిక వైద్యులకు కూడా చేర్చండి.